పాత రిసీవరు మార్చాలా? పెదబయలు గదిలో ఒక లెక్క

హోమ్ థియేటర్ రిసీవరు బయటికి ఒకే నల్లపెట్టె. లోపల ఉండేవి మాత్రం రెండు యంత్రాలు. ఒకటి టీవీ, సెట్‌టాప్ బాక్స్, డిస్క్ ప్లేయర్ల నుంచి వచ్చే అంకెలను చదివి, ఏ శబ్దం ఏ స్పీకరుకు పోవాలో తేలుస్తుంది. రెండోది అలా తేలిన సన్నని సంకేతానికి బలమిచ్చి స్పీకరు కోన్‌ను ముందుకూ వెనక్కూ ఊపుతుంది. మొదటి యంత్రం అయిదారేళ్లకే పాతబడుతుంది. రెండోదానికి ఇరవై ఏళ్లు పెద్ద వయసేమీ కాదు. ‘పాతది తీసేసి కొత్తది కొనాలా?’ అన్న ప్రశ్న చిక్కుగా కనిపించడానికి కారణం ఈ రెండింటికీ కలిపి ఒకే వయసు కట్టడం.

అల్లూరి సీతారామరాజు జిల్లా పెదబయలులో ఈ ప్రశ్నకు ఇంకో మెలిక ఉంది. రిసీవర్ల గురించి దొరికే సలహాలు ఎక్కువగా కరెంటు నిలకడగా ఉండే, ఇంటర్నెట్ ధారగా వచ్చే, నేల మీద తివాచీ పరిచిన గదుల్ని మనసులో పెట్టుకుని చెప్పినవి. పాడేరు నుంచి ముంచంగిపుట్టు, జోలాపుట్టు వైపు పోయే దారిలోని ఈ మండల కేంద్రం సంగతి వేరు. ఇక్కడ వాన రేకుల మీద హోరెత్తుతుంది. వేసవి మధ్యాహ్నాలు ఉరుములు, పిడుగులతో ముగుస్తాయి. పెద్ద కంపెనీ సర్వీస్ సెంటర్ కావాలంటే ఘాట్ దిగి, వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి విశాఖపట్నం చేరాలి. కాఫీ, మిరియాల డబ్బు చేతికందాక పదుల వేలు పోసి కొత్త పెట్టె తేవాలా, పాతదాన్నే నడుపుకోవాలా అన్నది ఇక్కడి లెక్కతోనే తేలాలి.

లెక్క కోసం ఒక ఇంటిని ఊహిద్దాం. హాలు అయిదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు. స్లాబు కప్పు, సిమెంటు గోడలు, టైల్స్ నేల. 2008 ప్రాంతంలో కొన్న 5.1 రిసీవరు, అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్. ఇప్పుడు ఆ ఇంటికి కొత్త 4కే టీవీ వచ్చింది. దాన్ని గోడకు బిగించిన మనిషి రిసీవరు వెనక పిన్నులు చూసి ‘ఇది పాత మోడలండీ, మార్చేయండి’ అన్నాడు.

ఒక వాటు ఎంత పెద్దది?

కొత్త పెట్టె అమ్మేవాళ్లు మొదట చూపించేది వాట్ల అంకె. పాతది 80 వాట్లు, కొత్తది 120 అంటే సగానికి సగం పెరిగిందనిపిస్తుంది. చెవి అలా లెక్కపెట్టదు. శబ్దాన్ని కొలిచే డెసిబెల్ కొలత గుణకారాల మీద నడుస్తుంది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. శబ్దం రెండింతలు గట్టిగా ఉందని మనిషికి అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే పదిరెట్లు వాట్లు కావాలి. 80 నుంచి 120కి పెరిగితే వచ్చేది 2 డెసిబెల్స్ లోపే. పక్కపక్కన పెట్టి వింటే తప్ప తేడా పట్టుకోవడం కష్టం.

మన హాలులో మామూలు స్పీకరుకు ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 87 డెసిబెల్స్ శబ్దం వస్తుందనుకుందాం. మూడు మీటర్ల దూరంలో కూర్చున్నవారికి అది కొంత తగ్గుతుంది. గోడల ప్రతిఫలనాలు, రెండో స్పీకరు కలిసి మళ్లీ కొంత పెంచుతాయి. మొత్తమ్మీద స్పీకరుకు ఒక్కో వాటుతో సోఫా దగ్గర 84 డెసిబెల్స్ దాకా వస్తాయి. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే ఉండేది 60 డెసిబెల్స్. ఇంట్లో హాయిగా సినిమా చూసే 70 డెసిబెల్స్ దగ్గర ఆ రిసీవరు ఒక్కో స్పీకరుకు పంపేది వాటులో పాతికో వంతు. మిగతా వాట్లు ఎందుకంటే, ఫిరంగి పేలినప్పుడు, డప్పు మీద దెబ్బ పడినప్పుడు క్షణకాలం 20, 30 డెసిబెల్స్ పైకి ఎగసే శబ్దం కోసం. ఆ పనికి ఈ హాలులో 80 వాట్లు బాగానే సరిపోతాయి.

ఇంకో అంకె విషయంలో జాగ్రత్త పడాలి. చిన్న దుకాణాల్లో అమ్మే కొన్ని హోమ్ థియేటర్ల అట్టపెట్టెల మీద ‘5000 వాట్లు పీఎంపీఓ’ అని ఉంటుంది. దాన్ని నమ్మాలో వద్దో తేల్చే సాక్ష్యం అదే యంత్రం వెనక, కరెంటు తీగ దగ్గరే దొరుకుతుంది. అది లైను నుంచి ఎన్ని వాట్లు తీసుకుంటుందో అక్కడ అచ్చువేసి ఉంటుంది. వంద వాట్లు తినే యంత్రం వంద వాట్లకు మించిన శబ్దశక్తిని నిలకడగా ఇవ్వలేదు. శక్తి నిత్యత్వ సూత్రానికి పీఎంపీఓ మినహాయింపు కాదు.

బలం ఇచ్చే యంత్రం విషయంలో గత పాతికేళ్లలో భౌతికశాస్త్రం మారలేదు. బరువైన ట్రాన్స్‌ఫార్మరు, వెడల్పాటి హీట్‌సింక్ ఉన్న పాత రిసీవరు ఈ పనిలో కొత్త చవక మోడల్ కంటే మెరుగ్గా ఉన్నా ఆశ్చర్యం లేదు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. డీవీడీ ప్లేయరు, యాంప్లిఫయరు, చిన్న స్పీకర్లు అన్నీ ఒకే అట్టపెట్టెలో వచ్చిన సెట్టు అసలు రిసీవరు కిందికి రాదు. వాటి స్పీకర్లలో చాలావరకు 3, 4 ఓముల రకం. ఆరు, ఎనిమిది ఓముల కోసం చేసిన కొత్త రిసీవరుకు వాటిని తగిలిస్తే అది వేడెక్కి ఆగిపోవచ్చు. అలాంటి ఇంట్లో మార్పు అంటే పెట్టెతోపాటు స్పీకర్లు కూడా.

అల్లూరి నుంచి ఆర్ఆర్ఆర్ దాకా

అంకెలు చదివే యంత్రం ఎందుకు పాతబడుతుందో తెలియాలంటే సినిమా శబ్దం నడిచిన దారి చూడాలి. ఈ జిల్లాకు పేరిచ్చిన వీరుడి కథతో నటుడు కృష్ణ 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ తీశారు. షూటింగ్‌లో చాలా భాగం ఇదే మన్యంలోని చింతపల్లి పరిసరాల్లో జరిగింది. తెలుగులో అది తొలి సినిమాస్కోప్ చిత్రం. తెర అంతగా వెడల్పైనా శబ్దం ఒక్క ట్రాకే. మాట, పాట, తుపాకీ మోత అన్నీ ఒకే ధారలో వచ్చేవి. 1986లో కృష్ణే దర్శకత్వం వహించి నటించిన ‘సింహాసనం’ తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రంగా, ఆరు ట్రాకుల స్టీరియో శబ్దంతో వచ్చింది. 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’ సినిమాతో డాల్బీ డిజిటల్ థియేటర్లకెక్కింది. ముందు మూడు, వెనక రెండు, గంభీరమైన శబ్దాలకు ఒకటి చొప్పున విడి ట్రాకులు అంకెల రూపంలోకి మారాయి. 5.1 అన్న మాటకు అర్థం ఇదే. 1996లో జపాన్‌లో మొదలైన డీవీడీ ఆ 5.1ను ఇళ్లలోకి తెచ్చింది. మన 2008 రిసీవరు ఆ తరానికి చెందింది.

2012లో ‘బ్రేవ్’ అనే యానిమేషన్ చిత్రంతో డాల్బీ అట్మాస్ వచ్చింది. ఇందులో శబ్దం ట్రాకుకు కట్టుబడి ఉండదు. ‘ఈ బాణం చప్పుడు ఎడమవైపు పైనుంచి కుడివైపు కిందికి పోవాలి’ అని శబ్దంతోపాటు దాని స్థానాన్ని కూడా రాసి పంపుతారు. ఏ స్పీకరు నుంచి వినిపించాలో ఆ గదిలో ఉన్న స్పీకర్లను బట్టి అక్కడి యంత్రమే తేల్చుకుంటుంది. అల్లూరి, కొమురం భీమ్‌ల స్ఫూర్తితో అల్లిన కల్పిత కథ ‘ఆర్ఆర్ఆర్’ 2022 మార్చిలో అట్మాస్ శబ్దంతో విడుదలైంది. పదిరోజుల తరవాత, ఏప్రిల్ 4న, అల్లూరి పేరుతో ఈ జిల్లా ఏర్పడింది.

ఈ చరిత్ర మన లెక్కకు ఎలా పనికొస్తుంది? 1974 నాటి సినిమాకు ఎంత కొత్త రిసీవరైనా అసలు ట్రాకులో లేని వెనక శబ్దాన్ని ఊహించి అతికించడమే తప్ప బయటికి తీయలేదు. ఆ సినిమాలో మాట శుభ్రంగా వినపడాలంటే కావలసింది మంచి సెంటర్ స్పీకరు. ఇక ‘ఆర్ఆర్ఆర్’ను పాత 5.1 రిసీవరులో పెడితే నిశ్శబ్దం ఎదురవదు. ఓటీటీలో అట్మాస్ వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్ అనే రూపంలో. దాన్ని పాత డాల్బీ డిజిటల్‌లోకి మార్చి పంపే ఏర్పాటు చాలా టీవీల్లో ఉంటుంది. పైనుంచి రావలసిన శబ్దం చుట్టూ ఉన్న అయిదింటిలో సర్దుకుంటుంది. పోయేది ఎత్తు ఒక్కటే.

ఆ ఎత్తు కోసమే కొత్తది కొనేముందు తల పైకెత్తి కప్పు చూడాలి. కప్పుకు స్పీకర్లు బిగించడం ఇష్టం లేనివారికి పైకి చూసే స్పీకర్లు అమ్ముతారు. అవి శబ్దాన్ని కప్పుకు కొట్టి కిందికి తెస్తాయి. చదునైన స్లాబు ఉంటేనే ఆ కిటుకు పనిచేస్తుంది. వాలుగా ఉన్న పెంకుటింట్లో శబ్దం అనుకున్న చోటికి కాక మరెక్కడికో పోతుంది.

వెనక పిన్నుల కథ

టీవీ బిగించిన మనిషి చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. 4కే బొమ్మలో దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు. సెకనుకు 60 బొమ్మలు. మూడింటినీ గుణిస్తే సెకనుకు సుమారు 12 గిగాబిట్లు. తీగ మీద పంపేందుకు అవసరమైన అదనపు బిట్లు కలిపితే 18 గిగాబిట్ల దాకా వస్తుంది. 2006లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.3, 2009 నాటి 1.4 మోయగలిగింది 10.2 గిగాబిట్లే. 2013లో వచ్చిన 2.0 ఆ 18ని అందుకుంది. 2017 నాటి 2.1 దాన్ని 48కి తీసుకెళ్లింది. దీనికితోడు దొంగకాపీలు ఆపడానికి పెట్టిన హెచ్‌డీసీపీ 2.2 అనే తాళం ఉంది. పాత రిసీవరుకు దాని తాళంచెవి ఉండదు. అందుకే 4కే ప్లేయరును పాత రిసీవరు మీదుగా టీవీకి కలిపితే తెర నల్లగా మారుతుంది, లేదా బొమ్మ నాణ్యత తగ్గిపోతుంది.

పరిష్కారానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. బొమ్మను రిసీవరు మీదుగా పంపకూడదు, అంతే. సెట్‌టాప్ బాక్స్, స్ట్రీమింగ్ స్టిక్, ప్లేయరు అన్నిటినీ నేరుగా టీవీకి కలపండి. టీవీ వెనక ‘ఆప్టికల్’ అని రాసున్న చదరపు రంధ్రం నుంచి రిసీవరుకు ఒక ఆప్టికల్ కేబుల్ వేయండి. తోషిబా 1983లో సీడీ ప్లేయర్ల కోసం తెచ్చిన ఏర్పాటు ఇది. 5.1 డాల్బీ డిజిటల్‌ను ఇప్పటికీ హాయిగా మోస్తుంది. టీవీ సెట్టింగుల్లో శబ్దాన్ని ‘పీసీఎం’ నుంచి ‘డాల్బీ డిజిటల్’కో ‘పాస్ త్రూ’కో మార్చాలి. లేకపోతే రెండు స్పీకర్లకే పోతుంది. కొన్ని టీవీలు డీటీఎస్ అనే మరో శబ్ద రూపాన్ని దాటనివ్వవు. బయటి పరికరం నుంచి వచ్చిన 5.1ను స్టీరియోకు కుదించేవీ ఉన్నాయి. ఇది అయిదు నిమిషాల్లో పరీక్షించి తెలుసుకోగలిగేదే.

ఈ దారిలో పోయేదేమిటి? బ్లూరే డిస్కుల్లోని కుదించని శబ్దాలు ఆప్టికల్‌లో పట్టవు. వాటికి హెచ్‌డీఎంఐ, టీవీ మీదుగా పంపాలంటే ఈఏఆర్‌సీ అనే పిన్ను కావాలి. అట్మాస్ కూడా రాదు. మీ ఇంట్లో బ్లూరే ప్లేయరు లేకపోతే మొదటి నష్టం కాగితం మీదే ఉంటుంది.

ఊళ్లోకి ఏ శబ్దం వస్తోంది?

రిసీవరు తనకు అందినదాన్ని మించి ఇవ్వలేదు. పెదబయలు ఇంట్లోకి శబ్దం వచ్చే దారులు మూడు. మొదటిది డిష్. 2004 డిసెంబరులో మొదలై ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్‌గా నడుస్తున్న ఉచిత సేవలోనూ, డబ్బు కట్టే డీటీహెచ్ చానళ్లలో ఎక్కువ భాగంలోనూ వచ్చేది స్టీరియో. కొన్ని హెచ్‌డీ చానళ్లు మాత్రం డాల్బీలో పంపుతాయి. వార్తలు, సీరియళ్లు, పాత సినిమాలు చూసే ఇంటికి 2008 రిసీవరు అవసరానికి మించిందే.

రెండోది మొబైల్ డేటా. ఏజెన్సీలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన రోజులు చాలామందికి గుర్తే. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 జియో 4జీ టవర్లలో 85 ఈ జిల్లావే. మూడోది 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా మొదలైన ఏపీ ఫైబర్‌నెట్. నెలకు 149 రూపాయల తొలి ప్యాకేజీలో సెకనుకు 15 మెగాబిట్ల వేగం ఇస్తామన్నారు. 4కే సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగే వేగం కూడా అదే 15. ఇందులో శబ్దం వాటా ఎంతో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నెట్‌ఫ్లిక్స్ అట్మాస్ శబ్దానికి గరిష్ఠంగా 768 కిలోబిట్లు చాలు. సీడీ పాట స్టీరియోకే 1411 కిలోబిట్లు తింటుంది. కాబట్టి లైను సన్నగా ఉన్నప్పుడు ముందు దెబ్బతినేది బొమ్మ. అయితే వేగం బాగా పడిపోతే యాప్ శబ్దం నాణ్యత కూడా తగ్గించి పంపుతుంది. సాయంత్రం పూట మీ ఇంట్లో సినిమా తరచూ తిరుగుతూ ఆగిపోతుంటే, కొత్త రిసీవరు ఆ ఆటంకాలను కొత్త అందంతో వినిపించడం తప్ప చేసేదేమీ లేదు.

అన్నిటికన్నా పెద్ద పరికరం

హోమ్ థియేటర్‌లో శబ్దాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చే పరికరం గది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్త ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో ఏం మాట్లాడినా ఎవరికీ అర్థం కాకపోతే, ఆ సమస్యను వాలెస్ సబీన్ అనే యువ భౌతికశాస్త్రజ్ఞుడికి అప్పగించారు. ఆ గదిలో ఒక్క మాట అయిదున్నర సెకన్లు మోగుతూ ఉండేది. సబీన్ పక్కనున్న సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీ మెత్తలు అరువు తెచ్చి, రాత్రిళ్లు వాటిని కొన్ని కొన్నిగా పెంచుతూ మోత ఎంతసేపు నిలుస్తోందో కొలిచాడు. అక్కడ పుట్టిన సూత్రం తేలికైనది: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే మోత ఎన్ని సెకన్లు నిలుస్తుందో వస్తుంది.

మన హాలు 60 ఘనమీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 94 చదరపు మీటర్లు. సిమెంటు, టైల్స్ తమ మీద పడ్డ శబ్దంలో అయిదు శాతమే మింగుతాయనుకుంటే మొత్తం శోషణ 4.7. మోత రెండు సెకన్లకు పైనే. ‘నువ్వు’ అన్న మాట ఆగకముందే తరవాతి నాలుగు మాటలు దాని మీద పడతాయి. అందుకే డైలాగు అర్థంకాక శబ్దం పెంచుతారు. పెంచితే మోత కూడా అంతే పెరుగుతుంది. చాలామంది రిసీవరు మీద వేసే నింద ఇదే.

ఇప్పుడు ఒక గోడకు రెండు అంగుళాల ఎడం వదిలి పది చదరపు మీటర్ల మందపాటి బొంతలు వేలాడదీయండి. సగం శబ్దాన్ని మింగినా 5 కలుస్తుంది. మెత్తటి సోఫాకు 2, నలుగురు మనుషులకు ఇంకో 2. శోషణ 13.7 అవుతుంది, మోత 0.7 సెకన్లకు దిగుతుంది. ఏ రిసీవరూ, ఎంత ధర పెట్టినా, ఇంత మార్పు తేలేదు. కొత్త రిసీవర్లలో మైకు పెట్టి గదిని సరిచేసే సదుపాయం ఉంటుంది. బేస్ ఒకచోట మితిమీరి మోగడాన్ని అది కొంత తగ్గించగలదు. గోడల మోతను మాత్రం ఆపలేదు. సబ్‌వూఫర్ మితిమీరిన మోతకూ ముందు మందు గదిలోనే ఉంది. అయిదు మీటర్ల పొడవున్న గది 34 హెర్ట్జ్ దగ్గర తానే మోగుతుంది. మూల నుంచి సబ్‌వూఫర్‌ను మీటరు జరిపి చూస్తే తేడా తెలుస్తుంది.

రేకుల ఇల్లయితే వానాకాలం లెక్క వేరు. వాన హోరు 10 డెసిబెల్స్ పెరిగితే మాటను దాని పైకి తేవడానికి పదిరెట్లు వాట్లు కావాలి. 20 పెరిగితే వందరెట్లు. ఈ పోటీలో యాంప్లిఫయరు గెలవదు. రేకుల కింద గడ్డి, కొబ్బరిపీచు లాంటి బరువైన మెత్తటి పొర ఒకటి వేస్తే రేకు కంపించడమే తగ్గుతుంది.

కొండగాలి, కరెంటు, పిడుగు

పాత ఎలక్ట్రానిక్స్‌లో ముందు ముసలయ్యేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. వాటిలోని ద్రవం వేడికి మెల్లగా ఎండిపోతుంది. వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందన్నది ఇంజనీర్లు వాడే మోటు లెక్క. ఇక్కడ కొండమీద ఉన్నవారికి ఒక మేలు ఉంది. పాడేరు పీఠభూమి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది కాబట్టి, తీరం కంటే ఆరు డిగ్రీల చల్లదనం. మిగతావన్నీ సమానమైతే ఆ కెపాసిటర్లు ఇక్కడ ఒకటిన్నర రెట్ల కాలం బతకాలి. గాలి కొంత పలచన కావడంతో పెట్టె కాస్త తక్కువగా చల్లారుతుంది. రిసీవరు మీద మరో పెట్టె పెట్టకుండా పైన జానెడు ఖాళీ వదిలితే ఆ నష్టం పూడుతుంది.

చెమ్మ మాత్రం శత్రువే. వాల్యూం తిప్పితే గరగరమనడం, శబ్దం తగ్గించినప్పుడు ఒక స్పీకరు మాయమై పెంచితే తిరిగిరావడం, ఇవి రిలేలు, కంట్రోళ్ల లోహపు ముఖాలు తుప్పుపట్టిన గుర్తులు. కాంటాక్ట్ క్లీనర్‌తోనో, చిన్న రిలే మార్పుతోనో పోతాయి. వూఫర్ అంచున ఉన్న ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే అది స్పీకరు జబ్బు, అంచు మార్పిస్తే చాలు. ఏ పాటా పెట్టకుండానే సన్నటి గుంయ్‌మనే మోత వస్తుంటే ఇంకాస్త ఆలోచించాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాన్ని లోపల డీసీగా మార్చాక మిగిలే అల 100 హెర్ట్జ్. పెద్ద కెపాసిటర్లు దాన్ని చదును చేయలేకపోతే ఆ మోతే స్పీకర్లలోకి వస్తుంది. తీగలు తీసేసినా మోత ఆగకపోతే మెకానిక్‌కు చూపించండి. మూత మీరు తీయకండి. పిన్ను పీకినా ఆ కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు కొంతసేపు నిలిచే ఉంటుంది.

ఇక ఓల్టేజి. ముంచంగిపుట్టు దగ్గర ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి కరెంటు తీస్తోంది. కరెంటు పుట్టేచోటికి దగ్గరగా ఉన్నంత మాత్రాన ఓల్టేజి నిలకడగా ఉండదు. అక్కడ పుట్టింది ముందు పెద్ద లైన్లలో గ్రిడ్‌కు పోతుంది. ఊళ్లకు వచ్చేది సబ్‌స్టేషన్ల నుంచి కొండల మీదుగా సాగే పొడవాటి పంపిణీ తీగల్లో. తీగ పొడవు పెరిగేకొద్దీ దాని నిరోధం దగ్గర ఓల్టేజి కొంత అరిగిపోతుంది. 230 రావలసినచోట 180 వస్తే ట్రాన్స్‌ఫార్మరు ఉన్న రిసీవరు బలం ఓల్టేజి వర్గం లెక్కన పడిపోతుంది. 100 వాట్లు 61 అవుతాయి. డెసిబెల్స్‌లో ఆ నష్టం రెండే! లో ఓల్టేజి శబ్దాన్ని పెద్దగా చంపదు. అసలు దెబ్బ పోయిన కరెంటు తిరిగొచ్చేటప్పటి ఎగుడుదిగుడులది. దానికి స్టెబిలైజర్ పనికొస్తుంది.

పిడుగుకు స్టెబిలైజర్ పనికిరాదు. అది స్పందించేది సెకనులో వెయ్యో వంతుల్లో. పిడుగు తోసే ఓల్టేజి ఉప్పెన సెకనులో పదిలక్షల వంతుల్లోనే వచ్చి పని ముగిస్తుంది. సర్జ్ ప్రొటెక్టర్ ఆ శక్తిని ఎర్త్‌లోకి మళ్లించాలి, అందుకు మంచి ఎర్త్ ఉండాలి. రాతినేలలో ఎర్త్ పట్టడం కష్టం. గొయ్యి లోతుగా తీసి బొగ్గు, ఉప్పు నింపి తడిగా ఉంచాలి. అన్నిటికన్నా గట్టి రక్షణ ఉరుము వినగానే కరెంటు పిన్నూ డిష్ కేబులూ రెండూ పీకేయడం. పుణేలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ దగ్గర్లో పిడుగుల సూచన ముందే ఇస్తుంది.

పిడుగుల కాలంలో ఎక్కువగా పోయేవి హెచ్‌డీఎంఐ పోర్టులు. వాటి వెనకున్న చిప్పులు మూడు నాలుగు ఓల్టుల మీద నడిచే సున్నితమైనవి. డిష్ తీగ వెంట దిగిన ఉప్పెన సెట్‌టాప్ బాక్స్ నుంచి టీవీకి, అక్కడి నుంచి రిసీవరుకు హెచ్‌డీఎంఐ రాగితీగల్లోనే ప్రయాణిస్తుంది. ఆప్టికల్ కేబుల్‌లో రాగి లేదు. అందులో పోయేది ఎర్రని వెలుగు. టీవీకీ రిసీవరుకూ మధ్య ఉన్న ఒకే బంధం అదైతే పిడుగు ఆ దారిన దాటలేదు. పాతదని తోసేసే ఆ చదరపు రంధ్రం పెదబయలులో కొత్త ఈఏఆర్‌సీ పిన్ను కంటే భద్రమైనది.

కొనాల్సిన రోజు

అలాగని పాతదాన్ని ఎప్పటికీ పట్టుకుని ఉండాలని కాదు. ఆటల యంత్రం కొని 4కేలో సెకనుకు 120 బొమ్మలు రిసీవరు మీదుగానే పంపాలనుకుంటే హెచ్‌డీఎంఐ 2.1 తప్పదు. చదునైన కప్పు, నిలకడైన ఫైబర్ లైను, పైన రెండు స్పీకర్లు పెట్టే ఉద్దేశం మూడూ ఉంటే అట్మాస్ అనుభవం నిజంగానే వేరు. టీవీకి ఆప్టికల్ రంధ్రమే లేకపోయినా, పాత రిసీవరు ప్రధాన బోర్డు కాలిపోయి విడిభాగం దొరకకపోయినా మార్చాల్సిందే. అరగంటకోసారి ఆగిపోతూ, దుమ్ము దులిపి గాలి తగిలేలా పెట్టినా మారకపోతే మరమ్మతు ఖర్చును కొత్త ధరతో పోల్చండి. మూడో వంతు దాటితే మరమ్మతు మీద మోజు వదులుకోవడం మేలు. తీసేసిన పెట్టెను పాత ఇనుము సామాన్లవాడికి వేయకండి. 2006కు ముందువాటి టంకంలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఈ-వ్యర్థాల సేకరణకే ఇవ్వాలి.

అమెరికాలో ఉన్న బంధువు ‘నా పాతది పంపిస్తాను’ అంటే ఒక్క ప్రశ్న అడగండి: వెనక ఎన్ని ఓల్టులని రాసుంది? అక్కడి 120 ఓల్టుల యంత్రాన్ని మన 230కి తగిలిస్తే మొదటి సెకనులోనే పోతుంది. ఓల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టినా, 60 హెర్ట్జ్ కోసం చుట్టిన ఇనుప కోర్ మన 50 హెర్ట్జ్ మీద అయిదో వంతు అదనపు అయస్కాంత భారంతో వేడెక్కుతుంది.

మనం ఊహించిన ఇంటికి తీర్పు ఇది. ఈ ఏడాది రిసీవరు మార్చనక్కర్లేదు. ఆ డబ్బులో ముందు ఎర్త్ గొయ్యి, తరవాత ఆప్టికల్ కేబుల్, ఆ తరవాత గోడకు బొంతలు, మిగిలితే మంచి సెంటర్ స్పీకరు. ఇవన్నీ అయ్యాక కూడా ఏదో లోటు వినిపిస్తే, అప్పుడు ఆ లోటు రిసీవరుదే అని ధైర్యంగా చెప్పవచ్చు. ఆ రోజు దుకాణంలో ఈఏఆర్‌సీ ఉందా, 230 ఓల్టులదేనా, పాడైతే చేరగలిగినంత దూరంలో విప్పి చూసేవాడున్నాడా అని అడగండి. వాట్ల అంకె చివర చూసినా నష్టం లేదు.